అండమాన్‌లో ఇంటికి బీమా: అడిగిన ప్రీమియం న్యాయమైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను, అంతకు నాలుగు రోజుల ముందే అండమాన్ దీవులను లాంగ్ ఐలాండ్ సమీపంలో దాటింది. 2013 నవంబర్‌లో వచ్చిన లెహర్ పోర్ట్‌బ్లెయిర్ సమీపంలో దీవులను తుపానుగానే దాటి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా బలహీనపడింది. ఆంధ్ర తీరానికి వచ్చే తుపానుల్లో కొన్ని తొలి దెబ్బను అండమాన్‌పైనే తీస్తాయి.

తుపానులకు భూకంపాల ముప్పు తోడవుతోంది. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ సమీపంలో, 1941 జూన్ 26న అండమాన్‌లో పెద్ద భూకంపాలు వచ్చాయి. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపం, సునామీ దీవుల రూపురేఖలనే మార్చివేశాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ వద్ద నేల కుంగి, అక్కడి దీపస్తంభం పునాది సముద్రపు నీటిలో మునిగింది. భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన భూకంప పటంలో ఈ దీవులన్నీ అత్యధిక ముప్పును సూచించే ఐదో మండలంలో ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం కేంద్రపాలిత ప్రాంతంలోని దాదాపు 3 లక్షల 80 వేల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చి స్థిరపడిన మత్స్యకారులు, కూలీలు, చిరు వ్యాపారులు, ఉద్యోగులు వీరిలో అధికం. రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మారింది. పేరు మారినా అక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని వేధించే ప్రశ్న మారలేదు. ఇంటికి బీమా చేయించాలా? చేయిస్తే కంపెనీ అడుగుతున్న ధర సరైనదేనా?

ప్రభుత్వ సాయం ఉండగా బీమా ఎందుకు?

విపత్తు సహాయానికి కేంద్ర హోంశాఖ 2022-26 కాలానికి ప్రమాణాలు నిర్ణయించింది. వాటి ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతాల్లో 1 లక్షా 20 వేల రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1 లక్షా 30 వేల రూపాయలు చెల్లిస్తారు. బట్టలు కోల్పోయిన కుటుంబానికి 2,500, వంటపాత్రలు, గృహోపకరణాలు కోల్పోయిన కుటుంబానికి మరో 2,500 రూపాయలు ఇస్తారు.

ఇది తక్షణ ఉపశమనం మాత్రమే. ఇంటిని తిరిగి కట్టుకోవడానికి అయ్యే ఖర్చుకూ ఈ సాయానికీ మధ్య ఉన్న అంతరాన్ని కుటుంబం తన పొదుపుతోనో, అప్పుతోనో, బీమాతోనో పూడ్చుకోవాలి. మూడింటిలో ముందుగా ఏర్పాటు చేసుకుంటే అతి తక్కువ ఖర్చుతో లభించేది బీమాయే. అయితే అది సరైన మొత్తానికి, సరైన ముప్పులకు తీసుకున్నదై ఉండాలి.

ఒకే పాలసీ, వేర్వేరు ధరలు

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక గృహబీమా పాలసీ అమల్లోకి వచ్చింది. ఈ పాలసీ మూల నిబంధనలు అన్ని కంపెనీల్లోనూ ఒకటే. ధర మాత్రం ఒకటి కాదు. 2007 జనవరి 1కి ముందు అగ్నిప్రమాద బీమా రేట్లను టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించేది. ఆ రోజు నుంచి ధర నిర్ణయం కంపెనీల చేతికి వచ్చింది.

వినియోగదారుకు ఉన్న బలం ఇక్కడే ఉంది. రెండు కంపెనీల సొంత పాలసీలను పోల్చడం కష్టం, ఎందుకంటే వాటి షరతులు వేరు. భారత్ గృహ రక్షలో షరతులు ఒకటే కాబట్టి ధరను ధరతో నేరుగా పోల్చవచ్చు. ప్రభుత్వ రంగంలోని న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా కంపెనీల నుంచి, ప్రైవేటు కంపెనీల నుంచి కనీసం మూడు ధరలు లిఖితపూర్వకంగా తీసుకోవడం మొదటి మెట్టు.

అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, సునామీ, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, నీటి ట్యాంకులు పగలడం వంటివన్నీ ఈ పాలసీ పరిధిలోకి వస్తాయి. అగ్నిపర్వత విస్ఫోటనం కూడా జాబితాలో ఉంది. దేశంలో క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం జనావాసం లేని బారెన్ దీవిలో, అంటే అండమాన్ సముద్రంలోనే ఉండటం గమనార్హం. ఇల్లు నివాసయోగ్యం కానప్పుడు వేరే చోట చెల్లించే అద్దె, క్లెయిమ్‌లో 5 శాతం వరకు ఆర్కిటెక్టు, ఇంజినీరు రుసుములు, 2 శాతం వరకు శిథిలాల తొలగింపు ఖర్చు కూడా అందులోనే కలిసి ఉంటాయి. వీటిని 'అదనపు రక్షణ' పేరుతో ఎవరైనా విడిగా అమ్మజూపితే, మూల పాలసీలో లేనిది ఏమి ఇస్తున్నారో అడగాలి.

దీవుల్లో ప్రీమియం ఎందుకు ఎక్కువ?

గృహబీమా ప్రీమియం స్థూలంగా నాలుగు భాగాల మొత్తం: అగ్నిప్రమాదం, తుపాను-వరద వంటి ముప్పుల భాగం, భూకంప భాగం, ఉగ్రవాద ముప్పు భాగం, వీటిపై 18 శాతం జీఎస్‌టీ. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ మినహాయింపు వచ్చింది. గృహబీమాకు ఆ మినహాయింపు వర్తించదు.

భూకంప భాగం ఇంటి చిరునామాపై ఆధారపడుతుంది. అందుకే హైదరాబాద్‌లోని ఇంటి కంటే శ్రీ విజయపురంలోని ఇంటికి ఎక్కువ అడగడంలో ఆశ్చర్యం లేదు. ఉగ్రవాద ముప్పును బీమా కంపెనీలు 2002లో ఏర్పాటైన ఉమ్మడి నిధి ద్వారా భరిస్తున్నాయి కనుక అందులో బేరానికి పెద్దగా తావు లేదు. కంపెనీకీ కంపెనీకీ తేడా ప్రధానంగా మిగిలిన భాగాల్లో, వాటిపై ఇచ్చే తగ్గింపులో కనిపిస్తుంది. కాబట్టి మొత్తం అంకె ఒక్కటే అడగకుండా, ఏ భాగానికి ఎంత అన్నది విడదీసి చూపమని కోరాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దీవుల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది శాశ్వత చిరునామా శ్రీకాకుళం లేదా విశాఖ జిల్లాలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ధర చూసేటప్పుడు ఆ పిన్‌కోడ్ నమోదు చేస్తే ప్రీమియం తక్కువగా కనిపించవచ్చు. కానీ బీమా వర్తించేది పాలసీ షెడ్యూల్‌లో రాసిన స్థలంలోని ఇంటికే. ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా ఏదైనా కావచ్చు. 'బీమా చేసిన ఆస్తి ఉన్న చోటు' అన్న గడిలో మాత్రం దీవిలోని ఇంటి చిరునామా, 744తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉండి తీరాలి. లేకపోతే తక్కువ ధరకు కొన్న ఆ కాగితం అవసరమైన రోజున వివాదానికి దారితీస్తుంది.

బీమా మొత్తం ఎంత ఉండాలి?

ధర విషయంలో ఎక్కువ నష్టం జరిగేది ప్రీమియం రేటు వల్ల కాదు, బీమా మొత్తాన్ని తప్పుగా లెక్కించడం వల్ల. ఈ తప్పు రెండు వైపులా జరుగుతుంది.

మొదటిది, ఇంటి అమ్మకపు ధరకు బీమా చేయించడం. అమ్మకపు ధరలో స్థలం విలువ ఉంటుంది. బీమా కట్టడానికే కానీ స్థలానికి కాదు. ఇంటి కార్పెట్ ఏరియాను చదరపు మీటరుకు అయ్యే నిర్మాణ ఖర్చుతో గుణిస్తే వచ్చేదే సరైన మొత్తం. ఉదాహరణకు 80 చదరపు మీటర్ల ఇంటికి చదరపు మీటరుకు 30 వేల రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. బీమా మొత్తం 24 లక్షలు కావాలి. స్థలంతో కలిపి ఆ ఇల్లు 50 లక్షలు పలుకుతుందని అంత మొత్తానికి పాలసీ తీసుకుంటే ప్రీమియం రెట్టింపు దాటుతుంది. ఇల్లు పూర్తిగా కూలినా అందేది మాత్రం తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే. మిగిలిన ప్రీమియం వృథా.

రెండోది, ప్రధాన భూభాగంలోని నిర్మాణ ఖర్చును దీవికి వర్తింపజేయడం. అండమాన్‌కు సిమెంటు, ఉక్కు, టైల్స్ ఓడల్లో రావాలి. సుప్రీంకోర్టు 2002 మే 7న ఇచ్చిన ఆదేశాలు తీరాల్లో ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని నిర్దేశించి, చెట్ల నరికివేతపై కఠిన ఆంక్షలు విధించాయి. పర్యావరణ రక్షణకు ఇవి అవసరమైన చర్యలే అయినా, వాటి వల్ల ఇసుక, కలప స్థానికంగా సులువుగా దొరకని వస్తువులయ్యాయి. పైగా పెద్ద విపత్తు తర్వాత అందరూ ఒకేసారి ఇళ్లు కట్టుకోవడం మొదలుపెడితే కూలి, సామగ్రి, రవాణా ధరలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి కంపెనీ వెబ్‌సైటు సూచించే సగటు నిర్మాణ ఖర్చును యథాతథంగా అంగీకరించకుండా, ఇటీవల అదే దీవిలో ఇల్లు కట్టిన మేస్త్రీనో, ఇంజినీరునో అడిగి ఒక అంచనా రాయించుకోవడం మేలు.

తక్కువ మొత్తానికి బీమా చేస్తే ఏమవుతుంది? సాధారణ ఆస్తి పాలసీల్లో నష్టపరిహారాన్ని ఆ నిష్పత్తిలోనే కోస్తారు. 24 లక్షల ఇంటికి 12 లక్షలకే బీమా ఉండి 6 లక్షల నష్టం జరిగితే 3 లక్షలే చెల్లిస్తారు. భారత్ గృహ రక్షలో ఈ కోత నిబంధన లేదు. వైశాల్యం, నిర్మాణ వివరాలు నిజాయితీగా చెప్పి ఉంటే 6 లక్షలూ అందుతాయి. అయితే ఇల్లు పూర్తిగా కూలినప్పుడు 12 లక్షలకు మించి ఒక్క రూపాయి కూడా రాదు. సునామీ, పెను భూకంపం వంటివి ఇంటిని పాక్షికంగా వదిలిపెట్టే విపత్తులు కావన్నది మరువరాదు.

ఇంట్లోని సామానుకు ఎంత?

ఇంటి కట్టడానికి భారత్ గృహ రక్ష తీసుకుంటే, బీమా మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సాధారణ గృహోపకరణాలకు రక్షణ దానంతటదే లభిస్తుంది. జాబితా ఇవ్వనవసరం లేదు. పై ఉదాహరణలో అది 4 లక్షల 80 వేలు. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, టీవీ, వంటసామాను, బట్టలు, సోలార్ పలకలు, నీటి ట్యాంకుల వంటివి ఇందులోకి వస్తాయి. చాలా కుటుంబాలకు ఇది సరిపోవచ్చు. సామాను విలువ అంతకు మించితే వివరాలు ఇచ్చి మొత్తాన్ని పెంచుకోవచ్చు. విలువను కొన్ననాటి ధరతో కాకుండా, ఈ రోజు అదే వస్తువును దీవిలో కొనాలంటే అయ్యే ధరతో లెక్కించాలి.

నగలు, అపురూప వస్తువులకు ఐచ్ఛిక రక్షణ తీసుకోవాలి. నోట్లు, నాణేలు, చెక్కులు, దస్తావేజులు, వాహనాలు సాధారణంగా ఈ పాలసీలో చేరవు. మత్స్యకార కుటుంబాలు ఇంట్లో భద్రపరిచే వలలు, పడవ ఇంజిన్లు జీవనోపాధి సాధనాలే తప్ప గృహోపకరణాలు కావు. వాటికి వేరే బీమా ఉండాలి. ఇంటి ముందు గదిలో దుకాణం నడిపేవారు అందులోని సరుకును చిన్న వ్యాపారాల కోసం రూపొందించిన 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' కింద చూపాలి.

ప్రభుత్వ క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో ఉండేవారు కట్టడానికి ప్రీమియం చెల్లించనవసరం లేదు. వారికి సామానుకు మాత్రమే పాలసీ తీసుకునే వీలుంది. ఇది అతి తక్కువ ఖర్చుతో లభించే రక్షణల్లో ఒకటి అయినా, 'ఇల్లు మనది కాదు కదా' అన్న భావనతో చాలామంది దీన్ని పట్టించుకోరు.

చెక్క గోడల ఇంటి సంగతి

దీవుల్లో చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న ఇళ్లు నేటికీ కనిపిస్తాయి. గోడలు లేదా కప్పు చెక్క పలకలు, వెదురు, ఆకులు, గడ్డి, టార్పాలిన్ వంటి వాటితో ఉంటే బీమా పరిభాషలో దాన్ని కచ్చా నిర్మాణం అంటారు. అలాంటి ఇంటికి కంపెనీ ఎక్కువ ధర అడగవచ్చు, అదనపు షరతులు పెట్టవచ్చు. ఆ భారం తప్పించుకోవడానికి 'పక్కా ఇల్లు' అని రాయించడం అతి ఖరీదైన పొదుపు. సర్వేయరు నష్టాన్ని పరిశీలించేటప్పుడు మొదట చూసేది నిర్మాణ స్వభావాన్నే. ఇంటి నాలుగు వైపులా తీసిన ఫొటోలను ప్రతిపాదన పత్రంతో పాటే పంపి, అందినట్లు ఈమెయిల్‌లో ధ్రువీకరణ తీసుకోవాలి. వివరాలు తెలిసే పాలసీ ఇచ్చామని అప్పుడు కంపెనీ కాదనలేదు.

ఏవి వర్తించవు?

తీరంలో నివసించేవారు తప్పక గమనించాల్సిన మినహాయింపు ఒకటి ఉంది. నేల కుంగడం, కొండచరియలు విరిగిపడటం పాలసీ పరిధిలో ఉన్నా, సముద్రపు కోత వల్ల క్రమంగా జరిగే నష్టం అందులోకి రాదు. కొత్త కట్టడంలో సహజంగా వచ్చే పగుళ్లు, నాసిరకం పని వల్ల కలిగే నష్టం, ఏళ్ల తరబడి ఉప్పుగాలికి పట్టే తుప్పు, పాతబడటం కూడా అంతే.

దొంగతనం విషయంలోనూ పరిమితి ఉంది. తుపాను, అగ్నిప్రమాదం వంటి ఘటన జరిగిన 7 రోజుల్లోపు దాని కారణంగా జరిగిన చోరీకే మూల పాలసీ వర్తిస్తుంది. మామూలు రోజుల్లో జరిగే ఇంటి దొంగతనానికి విడిగా రక్షణ తీసుకోవాలి. సెలవులకు ప్రధాన భూభాగానికి వెళ్లినప్పుడు ఇల్లు వారాల తరబడి ఖాళీగా ఉంటే రక్షణ కొనసాగుతుందా అని కూడా ముందే లిఖితపూర్వకంగా అడగాలి.

ధరలను పోల్చే సులువైన పద్ధతి

జీఎస్‌టీకి ముందున్న ప్రీమియాన్ని బీమా మొత్తంతో, లక్షల్లో, భాగించాలి. వచ్చేది లక్ష రూపాయల రక్షణకు పడే ధర. ఒక కంపెనీ ఇల్లు, సామాను కలిపి 28 లక్షల 80 వేలకు 2,400 రూపాయలు, మరో కంపెనీ 24 లక్షలకు 2,000 రూపాయలు అడిగాయనుకుందాం. పైకి రెండోది చవక. లెక్కిస్తే రెండింటిలోనూ లక్షకు దాదాపు 83 రూపాయలే పడుతోంది. రెండో కంపెనీ ధర తగ్గించలేదు, రక్షణ తగ్గించింది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. అసలు రేట్లు ఇంటిని బట్టి, కంపెనీని బట్టి మారుతాయి.

ధర తగ్గించుకోవడానికి సరైన మార్గాలు కొన్ని ఉన్నాయి. భారత్ గృహ రక్షను 10 ఏళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. దీర్ఘకాల పాలసీకి కంపెనీలు తగ్గింపు ఇస్తాయి. ఏడాదికి మించిన పాలసీలో ఇంటి బీమా మొత్తం అదనపు ప్రీమియం లేకుండా ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది. నిర్మాణ ఖర్చులు పెరిగే చోట ఇది విలువైన సదుపాయం. మధ్యలో పాలసీ వద్దనుకుంటే కారణం చెప్పకుండానే రద్దు చేసుకుని, మిగిలిన కాలానికి నిబంధనల మేరకు ప్రీమియం వాపసు పొందే హక్కును ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో జారీ చేసిన ఉత్తర్వులు కల్పించాయి.

గృహరుణం ఇచ్చే బ్యాంకు ఇంటికి బీమా ఉండాలని కోరవచ్చు. తమకు అనుబంధమైన కంపెనీ నుంచే కొనాలని బలవంతపెట్టరాదు. రుణంతో కలిపి ఇచ్చే పాలసీ కొన్నిసార్లు మిగిలిన అప్పు మేరకే ఉంటుంది. అప్పుడు ఇల్లు కూలితే బ్యాంకు బాకీ తీరుతుంది, కుటుంబానికి ఇల్లు మిగలదు. కాబట్టి బీమా మొత్తం రుణానికి సమానంగా ఉందా, నిర్మాణ ఖర్చుకు సమానంగా ఉందా అన్నది చూడాలి.

భూకంపాన్ని మినహాయించి ధర తగ్గించే సొంత పాలసీలను కంపెనీలు అమ్మవచ్చు. మరో చోట అది ఆలోచించదగిన ఎంపిక కావచ్చు. అండమాన్, నికోబార్‌లో మాత్రం బీమా చేయించడానికి ఉన్న ప్రధాన కారణాన్నే వదులుకున్నట్లవుతుంది.

క్లెయిమ్ వేళ ఏం చేయాలి?

బీమా అసలు విలువ తెలిసేది నష్టం జరిగిన రోజునే. పాలసీ ప్రతి, ఇంటి ప్లాను, ప్రతి గది ఫొటోలు, ఖరీదైన వస్తువుల బిల్లులను ఫోన్‌లో దాచుకుంటే చాలదు. సునామీలో ఇంటితో పాటు కాగితాలూ, ఫోన్లూ పోతాయి. వాటి నకళ్లను ఈమెయిల్‌లోనూ, ప్రధాన భూభాగంలోని బంధువుల వద్దా ఉంచాలి.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 2024 ఉత్తర్వుల ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, సర్వేయరు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఓడల రాకపోకలపై ఆధారపడే చిన్న దీవుల్లో సర్వేయరు రాక ఆలస్యం కావచ్చు కాబట్టి, శిథిలాలు తొలగించే ముందే తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియోలు తీయాలి. పాలసీ కొనే ముందే 'మా దీవికి సర్వేయరు ఎక్కడి నుంచి వస్తారు' అని అడగడం మంచిది. స్వల్పంగా తక్కువ ధర కంటే ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం విలువైనది కావచ్చు.

అన్యాయం జరిగిందనిపిస్తే?

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తినివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. అండమాన్, నికోబార్ దీవులు కోల్‌కతా అంబుడ్స్‌మన్ పరిధిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికి హైదరాబాద్ కార్యాలయం ఉంది.

దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. 2021లో నిబంధనలు సవరించాక ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు, విచారణ వీడియో ద్వారా జరగవచ్చు. దీవుల వాసి కోల్‌కతాకు ప్రయాణం కట్టాల్సిన అవసరం దీంతో చాలావరకు తప్పింది.

సంతకం చేసే ముందు ఐదు ప్రశ్నలు

ఇది భారత్ గృహ రక్ష పాలసీయేనా, కాకపోతే దానికీ దీనికీ తేడా ఏమిటి? బీమా మొత్తం స్థలం విలువ లేకుండా, దీవిలోని నిర్మాణ ఖర్చుతో లెక్కించినదేనా? షెడ్యూల్‌లో ఇంటి చిరునామా, గోడలు, కప్పు వివరాలు ఉన్నది ఉన్నట్లు రాశారా? జీఎస్‌టీకి ముందు లక్ష రూపాయల రక్షణకు ఎంత పడుతోంది? నష్టం జరిగితే సర్వేయరు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ ఐదింటికీ లిఖితపూర్వకంగా సమాధానం ఇచ్చిన కంపెనీల్లో తక్కువ ధర చెప్పినదే న్యాయమైన ధర. సమాధానం లేని చోట ధర ఎంత తక్కువైనా, ఆ పొదుపు ఇల్లు కూలిన రోజున కుటుంబానికి అక్కరకు రాదు.